విశ్రాంతికై ఒక లంక

కరీబియను సముద్రమునందు, జమైకాకు వాయవ్యదిశగా, కేమన్ దీవులను పేర మూడు చిన్న దీవులు కలవు. వానిలో పెద్దది బ్యాంకులకును విలాసనౌకలకును నెలవై నిత్యము కోలాహలముతో నుండును. తక్కిన రెండును, కేమన్ బ్రాక్, లిటిల్ కేమన్ అనునవి, తమలో తమకు ఎనిమిది కిలోమీటర్ల యెడముతో, లోకము తమ్ము మరచినను తమకు చింత లేదన్నట్లు దూరముగా నొదిగియున్నవి. ఈ రెంటిని అచ్చటివారు అక్కచెల్లెండ్ర దీవులందురు. 1503వ సంవత్సరము మే నెలలో కొలంబసు తన నాలుగవ యాత్రలో వీనిని కనుగొన్నప్పుడు, చుట్టును సముద్రమంతయు తాబేళ్లతో నిండియుండుట చూచి వీనికి తాబేళ్ల పేరే పెట్టెను. లిటిల్ కేమన్ దీవి పొడవు పదునారు కిలోమీటర్లు, వెడల్పు ఒకటిన్నర కిలోమీటరు. స్థిరనివాసులు రెండు వందలలోపు. పక్షులు మాత్రము వేలకొలది. ఎర్రని కాళ్లు గల ఒక జాతి సముద్రపక్షులు అచ్చటి మడుగునొద్ద గుంపులుగా గూళ్లు కట్టును గనుక, 1994లో ఆ మడుగును రామ్‌సార్ ఒడంబడిక క్రింద పరిరక్షింపదగిన చిత్తడినేలగా గుర్తించిరి. నీటి యడుగున ఈదువారిని విడిచినచో, అచ్చటికి పోవువారిలో పలువురు కోరునది ఏమియు చేయక కూర్చుండుటకు ఒక చోటు మాత్రమే.

ఏలూరులో బ్యాంకు ఉద్యోగియో, తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో కమీషను వర్తకుడో, ఇరువదేండ్లుగా పరీక్షాపత్రములు దిద్ది దిద్ది కన్నులు చెడిన ఉపాధ్యాయురాలో, ఇట్టి దీవుల ఛాయాచిత్రమును చూచి నిట్టూర్పు విడుచుట సహజము. ఆ నిట్టూర్పును నేను పరిహసింపను. అయినను ఆ చిత్రములో తమ మనస్సును లాగినది ఏదియో ఒక్క క్షణము విడదీసి చూచుకొండని మాత్రము ప్రార్థింతును. నీటి రంగు కొంత లాగినది, నిజమే. కాని అంతకంటె నెక్కువగా లాగినవి చుట్టును నీరుండుట, కంటబడు మనుష్యులు కొద్దిమంది యగుట, గడియారముతో పనిలేని పూట యొకటి దొరకుట. ఈ మూడింటిని పొందుటకు సముద్రములు దాటవలసిన పనిలేదు. లక్షల రూపాయలును అక్కరలేదు. ఏలూరులో కైకలూరు బస్సెక్కినచో గంటకు కొంచెము అటునిటుగా వానిని చేరవచ్చును. అట్లు చేరదలచువారికై, చేరిన పిమ్మట నిజముగా విశ్రాంతి పొందదలచువారికై ఈ అధ్యాయము వ్రాయబడినది.

కృష్ణా గోదావరీ నదులు రెండును యుగయుగములుగా ఒండ్రు తెచ్చి పోసి తమ తమ డెల్టాలను మెరక చేసికొనగా, ఆ రెండు మెరకల నడుమ మిగిలిపోయిన పల్లపు నేలయే, ఆ బస్సు మనలను చేర్చు కొల్లేరు సరస్సు. పడమటినుండి బుడమేరు, ఉత్తరమునుండి తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవిగాక డెల్టాలోని మురుగు కాలువలు లెక్కకు మిక్కిలిగా వచ్చి ఇందులో పడును. వెలికి పోవుటకు మాత్రము ఉప్పుటేరు ఒక్కటే దారి, అదియు సుమారు అరువది కిలోమీటర్లు మెలికలు తిరిగి గాని బంగాళాఖాతమును చేరదు. వచ్చు దారులు పెక్కులును, పోవు దారి యొకటియు నగుటచే ఈ నీటికి తొందర తెలియదు. ఇచ్చటి జనుల నడకయు, మాటయు, పడవయు ఆ నెమ్మదినే అలవరచుకొన్నట్లు కనబడును. సరస్సు గర్భమున, నీరు హెచ్చినప్పుడు దీవులుగా మిగులు మెరకలపై వెలసిన లంకగ్రామములు 46, అంచున నున్న బెల్టు గ్రామములు 76 అని లెక్క. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో, పైని చెప్పిన కేమన్ మడుగు చేరిన రామ్‌సార్ పట్టికలోనే కొల్లేరును చేరినది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు, మండవల్లి మండలములును అందులో కలియుటతో, పూర్వము కృష్ణా పశ్చిమగోదావరి జిల్లాల నడుమ చీలియుండిన ఈ సరస్సు చాలవరకు ఒక్క జిల్లా పాలనక్రిందికి వచ్చినది.

చరిత్ర యందు మక్కువ గలవారికి ఇచ్చట వలసినంత గలదు. క్రీస్తుశకము 634 నాటి ఐహోళె శాసనములో, రెండవ పులకేశి పిష్టపురమును జయించిన పిమ్మట కునాల జలములు యుద్ధములో రక్తసిక్తములైనవని రవికీర్తి వర్ణించెను. ఆ కునాలము కొల్లేరే యని పలువురు చరిత్రకారుల మతము. కొల్లేటికోటలో గజపతుల కోట యుండెననియు, చుట్టును నీరుండుటచే దానిని పట్టలేకపోయిన శత్రువులు ఈ నీటినంతయు సముద్రమునకు వెడలగొట్టుటకై ఉప్పుటేటిని త్రవ్వించిరనియు, ఆ సమరములో ఒక సేనాని తన కన్నకూతునే బలియిచ్చెననియు, ఆ కాలువకు పేరంటాళ్ల కనుమ యను పేరు అందువలననే వచ్చెననియు జనులు చెప్పుకొందురు. వినదగిన కథయే. కాని సెలవునకు బయలుదేరువాడు ఈ చరిత్రనంతయు మూట గట్టుకొని పోయి, ప్రతి రాతిని తట్టి ప్రశ్నింప మొదలిడెనేని, అతడు ఆఫీసును మార్చెనేగాని పనిని మానినవాడు కాడు.

మనవారి సెలవులలోని ప్రధాన దోషము ఇదియే. దసరాకో వేసవికో నాలుగు దినములు దొరకినంతనే, చూడవలసిన స్థలముల పట్టీ యొకటి వ్రాసికొందురు. తెల్లవారుజామున నాలుగు గంటలకు పిల్లలను లేపుదురు. అరకులో ఇన్ని పాయింట్లు, తిరుగు దారిలో అన్నవరము, వీలున్నచో ద్వారకా తిరుమల, ఇంకను వీలున్నచో ఎవరో మేనత్తగారి యిల్లు. ఇట్లు ఆ నాలుగు దినములను మామూలు నాలుగు దినములకంటె మూడింతలు బరువు చేసి, ఇంటికి వచ్చి, అలసట తీరుటకై మరి రెండు దినములు సెలవు పెట్టుదురు. యాత్ర వేరు, విహారము వేరు, విశ్రాంతి వేరు. మూడును మంచివే. మూడింటిని ఒక్క టిక్కెట్టుపై సాధింపజూచుటలోనే చిక్కంతయు నున్నది. కావున ప్రయాణమునకు పూర్వము తనకు కలిగిన అలసట ఎట్టిదో నిర్ణయించుకొనుట మొదటి పని. దేహము అలసినవానికి నిద్ర చాలును. అది యింటనే దొరకును. ఒకే గోడను చూచి చూచి విసిగినవానికి కొత్త ఊరు కావలెను. అతడు హాయిగా అరకు పోవచ్చును. దినమంతయు ఇతరుల ప్రశ్నలకు ప్రత్యుత్తరములిచ్చి, రాత్రి పడకమీదను ఫోనులో ప్రత్యుత్తరములిచ్చుచున్నవానికి మాత్రము, తన్నెవ్వరును ఏమియు అడుగని చోటు కావలెను. లంక యితనికి తగినది.

కాలనిర్ణయము రెండవ పని. ఇందులో ఏమరుపాటు పనికిరాదు. ఆషాఢము మొదలు ఆశ్వయుజము వరకు ఏరులు పొంగు కాలము; 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరంతయు తరువాత కొల్లేటికే దిగి, ఏలూరు–కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి యొద్ద మునిగి, లంకలకు రాకపోకలు స్తంభించినవి. అక్టోబరు నవంబరులు తుఫానుల నెలలు. వాతావరణశాఖ ప్రకటన వినకుండ కదలరాదు. ఏప్రిల్ మే నెలలలో నీరు ఇంకి నేల పలుచోట్ల బీటలు వారును; ఎండకు పక్షులును ఉండవు, మనమును ఉండలేము. మిగిలినది కార్తికము చివరినుండి మాఘము వరకు గల శీతకాలము; నవంబరు నడిమినుండి ఫిబ్రవరి కడవరకు అనుకొనుడు. అందులోను కార్తికమాసపు ఆదివారములు వనభోజనములవారివి. సంక్రాంతి మూడు దినములు కోడిపందెములవారివి. ఫాల్గుణము రాగానే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర మొదలగును, ఆ దినములు భక్తులవి. జాతర చూడవలసినదే, జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణమునకు జనము వేలుగా వచ్చుట ఒక వైభవమే. కాని ఏకాంతము కోరి బయలుదేరినవాడు ఆ వారములో పోయి జనసమ్మర్దమని సణుగుట న్యాయము గాదు. పుష్యమాసములో మంగళవారము మొదలు గురువారము వరకు గల మూడు దినములు నా దృష్టిలో సర్వోత్తమములు. ఆ దినములలో తేగలు దొరకును, పొగమంచు దొరకును, బస్సులో కూర్చుండ చోటును దొరకును.

ఎక్కడ బస చేయవలెనను ప్రశ్న వచ్చును. లంకలలో హోటళ్లను ఆశింపకుడు. ఇండ్లు ఒక్క మెరకపై ఒకదాని నొకటి ఒరసికొని యుండును. మెరక చిన్నది, కుటుంబములు పెక్కు, ఉన్న నేల వారికే చాలదు. బంధువులో, సహోద్యోగి పుట్టినిల్లో, చేపల వ్యాపారములో పరిచయస్థులో ఉన్నవారు ముందుగా మాట పంపి, వారి వీలు తెలిసికొని, రెండు రాత్రులు వారింట నుండవచ్చును. వట్టి చేతులతో పోరాదు, వారు వలదన్నను పిల్లలకు పండ్లును పెద్దవారికి ఏలూరు మిఠాయియును కొనిపోవలెను. ఎవ్వరును లేనివారు ఏలూరులోనో కైకలూరులోనో గది తీసికొని, ఉదయము పోయి పొద్దుగూకువేళకు తిరిగివచ్చుట మేలు. ఏలూరు మదరాసు–హౌరా రైలుమార్గముమీది ఊరు గనుక ఎచ్చటినుండి యైనను సులభము. తాడేపల్లిగూడెమువారు అదే దారిలో రైలున రావచ్చును, లేదా బస్సులో భీమవరము పోయి, అచ్చట గుడివాడ రైలెక్కి ఆకివీడు మీదుగా కైకలూరులో దిగవచ్చును. ఈ రెండవ దారి కొంచెము చుట్టు. అయినను ఆకివీడు దాటిన పిమ్మట ఉప్పుటేటి వంతెనమీద రైలు పోవునప్పుడు కిటికీనుండి చూచువానికి సరస్సునకు గల ఏకైక ద్వారము కనబడును. తొందర లేనివారిని ఈ దారినే పొమ్మందును. పూర్వము గోదావరి కాలువయు కృష్ణా కాలువయు ఏలూరులో కలిసికొనుటచే జనులు బెజవాడనుండి రాజమండ్రికి పడవలలోనే పోయెడివారు. ఆ ప్రయాణములోని సావకాశమును నేటి మనిషి పొందదలచినచో ప్యాసింజరు రైలే దిక్కు.

ఇక లంకను ఎన్నుకొనుట. ఏలూరు వైపున గుడివాకలంక, కొక్కిరాయిలంక, ప్రత్తికోళ్లలంక కలవు. మండవల్లి వైపున పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిలిపాకలంక ఒకదాని ప్రక్క నొకటి తోబుట్టువులవలె నున్నవి. భీమడోలు వైపున ఆగడాలలంక కలదు. కొన్నింటికి రోడ్లు పడినవి, కొన్నింటికి వరద వచ్చిన ప్రతిసారియు పడవయే గతి. వీనిలో ఏది గొప్పది యని నన్నడుగకుడు. పైకి చూచువానికి అన్నియు ఒక్కతీరుననే యుండును, తామరాకులు, కిక్కిస పొదలు, గట్టుమీద ఆరవేసిన వలలు, రామాలయము, బడి. ఒకదానిని ఎన్నుకొని ఆ యొక్కదానికే పొండు. ఒక్క దినములో నాలుగు లంకలు చుట్టివచ్చినవాడు నాలుగు రేవులను మాత్రమే చూచును. ఒక్క రేవులో ఉదయమునుండి మధ్యాహ్నము వరకు కూర్చున్నవానికి, పాల క్యానులు ఏ వేళకు దాటునో, బడిపిల్లలు ఏ పడవకై పరుగెత్తుదురో, ఏ ముసలమ్మ ఎవరిపై అలిగి మాటాడకున్నదో తెలియవచ్చును. తెలియకపోయినను నష్టము లేదు.

పడవను గూర్చి రెండు మాటలు. తాటిమ్రానును తొలిచి చేసిన దోనె ఇచ్చటి పాత వాహనము. ఒక్కొక్కచోట రెండు దోనెలను జతచేసి కట్టుదురు. కొత్తవాడు ఒంటి దోనెలో నిలుచుండరాదు, అంచును పట్టుకొని ప్రక్కకు వంగరాదు. ఈత వచ్చినను లైఫ్ జాకెట్టు లేకుండ పిల్లలను ఎక్కింపరాదు. పడవవాడు గెడను నిలువున నీటిలో దింపి, అది అడుగు బురదను తాకిన పిమ్మట తన బరువంతయు దానిపై మోపి, వెనుకకు రెండడుగులు నడచి, గెడను మెల్లగా పెరికి, దాని కంటిన గుర్రపుడెక్క వేళ్లను చేతితో దులిపి, మరల దింపును. ఈ క్రమములో అతడు మాటాడడు, మాటాడినను గెడ బురదలో నున్నంతసేపు మాత్రమే మాటాడును. పట్టణమునుండి వచ్చినవాడొకడు ఆ గట్టు చేరుటకు ఎంతసేపు పట్టునని అడుగగా, “ఎంతసేపని సెప్పమంటారండీ, గాలిని బట్టుంటదండీ. డెక్క అడ్డొచ్చిందనుకోండి, సుట్టు తిరిగెళ్లాలండీ,” అని చెప్పి పడవవాడు ఊరకుండెను. అడిగినవాడు చేతి గడియారము చూచుకొనెను. పడవవాడు గాలివాటము చూచెను. తరువాత పావుగంటకు మరల అడుగగా, “వచ్చేత్తన్నామండీ,” అనెను. గట్టు అప్పటికిని అంతే దూరమున నున్నది. బేరము మాత్రము ఎక్కుటకు ముందే, రాకపోకలకు కలిపి, వేచియుండు కాలమును చేర్చి మాటాడుకొనవలెను. దిగిన పిమ్మట బేరమాడుట ఉభయులకును అవమానకరము.

పక్షులను చూడదలచినవారు కైకలూరు ప్రక్కనున్న ఆటపాక పోవలెను. అచ్చటి విశాలమైన చెరువులో అటవీశాఖవారు నిలువు స్టాండ్లు పాతించిరి. గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వానిపైననే గూళ్లు కట్టుకొనును. గూడబాతు ఆకాశములో నున్నంతసేపు మహారాజు; రెక్కలు విప్పినచో ఒక నిలువును మించి యుండి, ఒక్కసారియు ఆడింపకుండ గాలిలో తేలివచ్చును. దిగునప్పుడు మాత్రము దాని దొరతనమంతయు పోవును. నోట పొడవైన పుల్ల యొకటి కరచుకొని వచ్చి, పాదములు రెండును ముందుకు చాచి, తన బరువునకు స్టాండు ఊగగా, ప్రక్క గూటి పక్షి కోపముతో ముక్కు చాపగా, అటునిటు తూలి, ఎట్టకేలకు నిలదొక్కుకొనును. ఇంతలో పిల్ల వచ్చి తల్లి గొంతుసంచిలో తన తలను మెడ వరకు దూర్చి లోపలి చేపను తినును. చూచువానికి తల్లియే బిడ్డను మ్రింగుచున్నదేమో యని భయము కలుగును. ఇవి సైబీరియానుండి వచ్చునని చూడవచ్చినవారు ఒకరికొకరు చెప్పుకొనుచుందురు. అది సరికాదు, గూడబాతు మన దేశమున పుట్టి పెరుగు పక్షియే. శీతదేశములనుండి వచ్చునవి బాతులు మొదలగు వేరు జాతులు. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు తాడేపల్లిగూడెమునకు సమీపమున వీని మహాకాలనీ నొకదానిని కనుగొనెను. అప్పుడు అచ్చట సుమారు మూడు వేల పక్షులుండెను. 1974 ప్రాంతమున అవి ఆ చోటు విడిచిపోయినవి. పోయిన పక్షులు మరల ఆటపాకలో నిలుకడగా గూళ్లు కట్టుచుండుట చూచినప్పుడు, ఇచ్చట గొంతెత్తి అరవరాదు, రాళ్లు రువ్వరాదు, డ్రోను ఎగురవేయరాదు అని వేరుగా చెప్పనక్కరలేకుండ నుండవలెను. చెప్పవలసియే వచ్చుచున్నది. పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకొను జంటలకు నా ప్రత్యేక వినతి: పక్షులు ఎగిరినచో ఫోటో బాగుండును, గూటిలోని గ్రుడ్డు మాత్రము బాగుండదు.

భోజనవిషయములో లంక మనలను నిరాశపరుపదు. కొర్రమీను, బొమ్మిడాయి, మట్టగిడస, జెల్ల, ఇంగిలాయి, చిన్న పరిగెలు, ఇవన్నియు ఆ నీటివే. బొమ్మిడాయిల పులుసు ముందునాటి రాత్రి వండి మరునాడు తినవలెనని చెప్పువారి మాట నమ్మదగినది. బజారులో ఎక్కువగా దొరకు శీలావతి, బొచ్చె చెరువులలో పెంచినవి. శాకాహారులు ఏలూరునుండి పులిహోరయో దధ్యోదనమో కట్టించుకొని పోవుట సుఖము. ఎవరైనను రహస్యముగా పరజపిట్టల మాంసము దొరకునని చెప్పినచో వినకుడు. నీటిపక్షులను పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరములు, చట్టము లేకున్నను చేయదగని పనులు. త్రాగునీరు మాత్రము తప్పక వెంట తీసికొనిపోవలెను. చుట్టును నీరున్నను త్రాగుటకు నీరు లేకుండుట లంకవారి చిరకాలపు కష్టము. వారు బిందెలతో తెచ్చుకొన్న నీటిని అతిథి యని మనము సగము త్రాగివచ్చుట ధర్మము గాదు. దోమలకు ఒళ్లు కప్పు బట్టలును, పూత మందును, తాము నిత్యము వేసికొను మాత్రలును మరువరాదు. రాత్రివేళ ఒంట్లో బాగుండనిచో వైద్యునికై కైకలూరో ఏలూరో పోవలెను గనుక, గుండెజబ్బు, ఆయాసము గలవారు లంకలో రాత్రి యుండు ఆలోచన మానుటయే మేలు.

పోయిన తరువాత ఏమి చేయవలెనని కొందరు నన్నడుగుదురు. ఈ ప్రశ్నయే ఆ అలసటకు లక్షణము. అయినను చెప్పుదును. ఉదయము ఎండ ముదరకమునుపు రెండు గంటలు నీటిమీద గడపుడు. పదింటికి ఒడ్డుకు వచ్చి తినుడు. పగలు చెట్టుక్రిందనో అరుగుమీదనో నిద్రింపుడు. సాయంకాలము నాలుగు గంటలకు మరల గట్టుకు పోయి, పక్షులు గూళ్లకు చేరువరకు కూర్చుండుడు. చేతిలో నొక పుస్తకముండవచ్చును, చదువకపోయినను తప్పులేదు. ఫోనును కట్టివేయుడని చెప్పువారు పలువురు కలరు. ఇంట ముసలి తల్లిదండ్రులున్నవాడు దానిని కట్టివేయలేడని నేనెరుగుదును. కావున మధ్యాహ్న మొకసారి, రాత్రి యొకసారి చూచుకొందునని ఇంటివారికిని ఆఫీసువారికిని ముందే చెప్పి, తక్కిన వేళ సంచిలో నుంచుడు. అచ్చటచ్చట సిగ్నలు తానుగా పోవును. అది మీ ఇచ్చాశక్తికంటె నమ్మదగిన సహాయము.

వెంట ఎవరిని తీసికొనిపోవలెననుటలో కొంత కాఠిన్యము కావలెను. ఇద్దరు చాలును, నలుగురు హద్దు. పండ్రెండుగురు బంధువులతో మినీ బస్సులో పోవుట ఉల్లాసమే కావచ్చును, కాని అందులో ఒకరు కాఫీలు చూచుకొనవలెను, ఒకరు లెక్కలు చూచుకొనవలెను, అలిగినవారిని ఒకరు బుజ్జగింపవలెను. ఆ పనులన్నియు సాధారణముగా ఇంటి ఇల్లాలికే వచ్చును. మన కుటుంబములలో సెలవన్నచో పురుషునకు సెలవు, స్త్రీకి వంటిల్లు మారుట. ఇది నాకు ఏనాడును నచ్చలేదు. విశ్రాంతి ప్రణాళిక వేయువారు మొట్టమొదట ఆ యింట ఎక్కువ అలసినది ఎవరో చూచి, ఆమె చేతికి గరిటె రాని విధముగా ఏర్పాటు చేయవలెను. వండిపెట్టువారికి సొమ్మిచ్చి వండించుకొనుడు, లంకలో ఆ సొమ్ము ఒక యింటికి ఆసరాయగును.

ఛాయాచిత్రములలోని నీలిసముద్రమును మనస్సులో నుంచుకొని పోవువాడు కొల్లేటిని చూచి నొచ్చుకొనవచ్చును గనుక ఒక హెచ్చరిక. ఈ నీరు నీలము గాదు. మురుగు కాలువలు మోసికొని వచ్చిన మలినము దీనిలో కలదు, గుర్రపుడెక్క మైళ్లకొలది పరచుకొన్నది, కొన్ని చోట్ల వాసన ముక్కు మూయించును. సరస్సు గర్భమున చేపల చెరువులకై గట్లు వేసి నీటిని ముక్కలు చేయగా, 2006లో ప్రభుత్వము అభయారణ్యపు ఎల్లయగు ఐదవ కాంటూరులోపలి గట్లను యంత్రములతో కూల్చివేయించెను. ఆ చెరువులపై బ్రదికినవారి గోడును, సరస్సు బ్రదుకవలెనన్నవారి వాదమును నేటికిని ఒక కొలిక్కి రాలేదు. రెండు దినములకై వచ్చినవాడు ఆ తగవులో తీర్పరిగా కూర్చుండరాదు. లంకవారి తీరికను చూచి వీరెంత హాయిగా నున్నారో యని అసూయపడుటయు తగదు. తెల్లవారుజామున మూడింటికి వలలు తీసి వచ్చినవాడు పదింటికి అరుగుమీద నడుము వాల్చియుండును, మనకు కనబడునది ఆ నడుము వాల్చుటయే. ఫోటో తీయుటకు ముందు అడుగుడు. వద్దన్నచో మానుడు. ప్లాస్టికు సంచులును సీసాలును తెచ్చినవి తెచ్చినట్లే తిరిగి తీసికొనిపొండు.

సెలవు ముగియుటకు ఒక దినము ముందే ఇల్లు చేరునట్లు ప్రయాణమును నిర్ణయించుకొనుట మంచిది. బట్టలు ఉతుకుకొనుటకును, ఉత్తరములు చూచుకొనుటకును ఆ యొక్క దినము మిగిలినచో, సోమవారము ఉదయము ఆఫీసు మెట్లెక్కువానికి లంకలో పొందినది లంకలోనే జారిపోదు. ఖర్చును గూర్చి ప్రత్యేకముగా వ్రాయనక్కరలేదు. రైలు, బస్సు, పడవ, రెండు రాత్రుల గది, రెండు పూటల చేపల పులుసు కలిపినను, పట్టణములో ఒక పెండ్లికి పోయి చదివింపులు చదివించి వచ్చిన దానికంటె ఎక్కువ కాదు.

కావున ఈ పుష్యమాసములో మూడు దినములు ఎంచుకొని, సెలవు చీటీ ఇప్పుడే వ్రాసియుంచుడు. టిక్కెట్టు కొనుటకు ముందు మాత్రము మండవల్లి వైపునగాని కైకలూరునగాని తెలిసినవారికి ఒక ఫోను చేసి, పెదఎడ్లగాడి వంతెన యొద్ద నీరు ఎంతవరకున్నదో, రోడ్డు తెరిచియున్నదో లేదో అడుగుడు. రోడ్డుమీదికి నీరెక్కినదని వారు చెప్పినచో ప్రయాణమును పదిహేను దినములు వాయిదా వేసికొనుడు.